ప్రాజెక్ట్ రివ్యూలో మనం సృజనని చూస్తున్నామా, స్లైడ్లని చూస్తున్నామా?

లేత్_మేడమ్
మాది గుంటూరు వైపు ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీ. మెకానికల్లో పన్నెండేళ్లుగా పాఠాలు చెబుతున్నాను. పోయిన వారం ఫైనలియర్ ప్రాజెక్టుల రెండో రివ్యూకి ప్యానెల్లో కూర్చున్నాను. అప్పటి నుంచి మనసు మనసులో లేదు.

ఒక బ్యాచ్ వాళ్లు మిరపకాయలు ఆరబెట్టే సోలార్ డ్రయర్ చేశారు. ప్లైవుడ్ పెట్టె, నల్లరంగు వేసిన జీఐ రేకు, పైన గాజు, పాత కూలర్లోంచి తీసిన ఫ్యాను, కిటికీ దోమల మెష్‌తో నాలుగు ట్రేలు. ఆ రోజు మబ్బు పట్టింది. కాయ సగమే ఆరింది. ప్యానెల్ మొదటి ప్రశ్న "బేస్ పేపర్ ఏది?" అంటే ఏ పరిశోధన పత్రం చూసి మొదలుపెట్టారని. లేదన్నారు. "అవుట్‌పుట్ ఎంత?" ఇంకా తేలలేదన్నారు. 50కి 27 వేశాం. తర్వాతి బ్యాచ్‌ది స్మార్ట్ డస్ట్‌బిన్. చెయ్యి చాపితే మూత తెరుచుకుంది, ఫోనుకి మెసేజ్ వచ్చింది, స్లైడ్లు తళతళలాడాయి. 44 వేశాం. అదే డస్ట్‌బిన్, అదే పచ్చరంగు మూతతో రెండేళ్ల కిందట కూడా చూశాను. అయినా సంతకం పెట్టాను.

సాయంత్రం వర్క్‌షాప్ వెనక్కి వెళ్తే ఆ డ్రయర్ బ్యాచ్ కుర్రాడు ఒక్కడే కూర్చుని ట్రేలు తూకం వేస్తున్నాడు. పెట్టె పక్కన చిన్న రేకు తలుపు కనిపించింది. ఏంట్రా ఇది అని అడిగాను. "కింద ట్రేకి వేడిగాలి ముందు తగులుద్ది మేడమ్. పైకి పోయేసరికి గాలి చల్లబడి తేమ పట్టేసుద్ది. కింద కాయ గలగలమంటుంటే పైన కాయ మెత్తగానే ఉంటంది. మా అమ్మ కళ్లంలో కాయని తిరగేసుద్ది గదా. కాయ తిరగేసే బదులు గాలినే తిరగేద్దామని ఈ తలుపు పెట్టా. గంటకోసారి మారిస్తే గాలి పైనుంచి కిందకి వస్తది" అన్నాడు.

ఈ ముక్క రివ్యూలో ఎందుకు చెప్పలేదురా అన్నాను. "మీరెవరూ అడగలేదు మేడమ్. ఫార్మాట్లో దానికి స్లైడ్ లేదు" అన్నాడు.

మీలో పాఠాలు చెప్పేవాళ్లున్నారు, చదువుకునేవాళ్లున్నారు, చదివి వెళ్లినవాళ్లున్నారు. నిజం చెప్పండి. పిల్లల్లో సృజన అని మేం దేన్ని చూసి అంటున్నాం? మా కంటికి ఏం ఆనట్లేదు?

బ్యాక్‌బెంచ్_నుంచి
27 చూసి ఆ కుర్రాడు ఏమన్నాడు?

లేత్_మేడమ్
ఏమీ అనలేదు. అదే నాకు నిద్ర పట్టనివ్వట్లేదు.

సివిల్_మాస్టారు
అమ్మా, మీ బాధ అర్థమైంది. కానీ వేరే మాట చెబుతాను, కోపగించుకోవద్దు. ప్రభుత్వ యూనివర్సిటీలో 34 ఏళ్లు చెప్పి రిటైరయ్యాను. సృజన సృజన అంటూ వచ్చిన పిల్లల్లో చాలామందికి బెండింగ్ మొమెంట్ డయాగ్రమ్ (బరువుకి దూలంలో ఎక్కడ ఎంత వంపు బలం పడుతుందో చూపే బొమ్మ) గీయడం రాదు. పునాది లేకుండా పైకప్పు కొత్తగా వేస్తానంటే ఎలా ఒప్పుకోను? మా శాఖలో తప్పు చేస్తే మార్కులు పోవు, మనుషులు పోతారు. కెనడాలో క్యుబెక్ వంతెన 1907లో కడుతుండగానే కూలి 75 మంది చనిపోయారు. స్పాన్ (స్తంభాల మధ్య దూరం) పెంచారు, పెరిగిన బరువుకి లెక్క సరిగా తిరిగి వేయలేదు. అంతే. ఇది నేను ప్రతి బ్యాచ్‌కీ మొదటి వారంలోనే చెప్పేవాణ్ని.

ఆ కుర్రాడి ఆలోచన బాగుంది. కానీ అంకె ఏది? తలుపు పెట్టకముందు పై ట్రేలో తేమ ఎంత, పెట్టాక ఎంత? అది లేకుండా 27 వేశారంటే ప్యానెల్‌ని నేను తప్పుపట్టను.

ఉప్పల్_బస్
మాస్టారూ, మరి డస్ట్‌బిన్‌కి అంకె అడిగారా ఎవరైనా?

సివిల్_మాస్టారు
అడగలేదు. అది తప్పే. ఆ 44 నాకూ మింగుడుపడట్లేదు.

బ్యాక్‌బెంచ్_నుంచి
నా కథ. సెకండియర్, ఫ్లూయిడ్ మెకానిక్స్ ల్యాబ్, వెంచురీమీటర్, అంటే పైపులో ప్రవాహం కొలిచే పరికరం. కోఎఫిషెంట్ ఆఫ్ డిశ్చార్జ్ (నిజంగా పారిన నీటికీ, థియరీ లెక్క ప్రకారం పారాల్సిన నీటికీ నిష్పత్తి) 0.96, 0.98 అలా రావాలని అందరికీ తెలుసు, సీనియర్ల రికార్డులో ఉంది. నాకు 1.14 వచ్చింది. ఒకటి దాటడమేంటని రెండోసారి తీశా, మళ్లీ అంతే. సార్ దగ్గరికి వెళ్తే అబ్జర్వేషన్ బుక్ చూసి ఎర్రపెన్నుతో కొట్టేసి "మళ్లీ రాసుకురా" అన్నారు. మళ్లీ తీసుకురా అనలేదు, రాసుకురా అన్నారు. తేడా గమనించండి.

పక్కవాడు వెనకనుంచి లెక్క వేసి రీడింగులు పుట్టించి సంతకం చేయించుకుని టిఫిన్‌కి పోయాడు. నేను పోలేదు. మానోమీటర్ (పీడనం తేడా చూపేది) ట్యూబు మొత్తం వేలితో తడుముకుంటూ వెళ్తే, గోడ వైపు వంపులో శనగగింజంత గాలిబుడగ. అది అక్కడ ఉండిపోయి మట్టాల తేడా తక్కువ చూపిస్తోంది, అందుకే లెక్కలో థియరీ ప్రవాహం తగ్గి నిష్పత్తి ఒకటి దాటుతోంది. వాల్వు తెరిచి బుడగ వదిలేశాక 0.97. పరుగెత్తుకెళ్లి చెప్పా. "టైమ్ అయిపోయింది, లేట్ సబ్మిషన్, 10కి 6" అన్నారు.

పదకొండేళ్లయింది. ఇప్పుడు పంపులు తయారుచేసే కంపెనీలో టెస్టింగ్ చూస్తున్నా. రోజూ నా పని ఆ బుడగని వెతకడమే. దాన్ని చదువులో ఎవరూ సృజన అనలేదు. నేను కూడా అనుకోలేదు, ఇవాళ మేడమ్ పోస్టు చూసేదాకా.

సర్క్యూట్_అక్క
"మళ్లీ రాసుకురా" చదివి గుండె కలుక్కుమంది. ఆ మాట నేనూ అన్నాను. చాలాసార్లు.

ఎర్రసిరా
వాల్యుయేషన్ క్యాంపులో ఏళ్ల తరబడి పేపర్లు దిద్దినవాణ్ని. లోపల ఎలా ఉంటుందో చెబుతా. ఉదయం ఒక కట్ట, మధ్యాహ్నం ఒక కట్ట. పక్కన స్కీమ్ ఆఫ్ వాల్యుయేషన్. ఫార్ములాకి 2, సబ్‌స్టిట్యూషన్‌కి 3, బొమ్మకి 3, జవాబుకి 2. ఒక పిల్ల ఎనర్జీ పద్ధతిలో రెండు లైన్లలో అదే జవాబు తెచ్చింది అనుకోండి, స్కీములో ఆ దారి లేదు. నేను పూర్తి మార్కులు వేస్తే చీఫ్ ఎగ్జామినర్ వచ్చి అడుగుతాడు. రీవాల్యుయేషన్‌కి వెళ్తే తేడా ఎందుకొచ్చిందని మళ్లీ అడుగుతారు. ఒక పేపర్ మీద ఉండేది నాలుగైదు నిమిషాలు. అందులో కొత్త దారి సరైనదో కాదో తేల్చుకోవాలంటే కనీసం పది నిమిషాలు కావాలి.

నేను వేసేవాణ్ని. వేసి పక్కన కారణం రాసేవాణ్ని. అందరూ వెయ్యరు, వాళ్లని తిట్టను కూడా. భయం అలాంటిది.

ఉప్పల్_బస్
అందుకే మా సీనియర్లు చెప్పేది "కొత్తగా రాయకు, గైడులో ఉన్నట్టు రాయి, బాక్సు కట్టు". బాక్సు కట్టిన జవాబుకి ఎక్కువ పడతాయట, నిజమా ఎర్రసిరా గారూ?

ఎర్రసిరా
నాలుగు నిమిషాల్లో కన్ను మొదట వెళ్లేది బాక్సు మీదకే తమ్ముడూ.

చదివిందే_చెప్తా
ఈ విషయం మీదే పీహెచ్‌డీ చేస్తున్నా కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, భరించండి.

మేడమ్ అడిగింది కొత్త ప్రశ్న కాదు. అమెరికాలో కనెక్టికట్ యూనివర్సిటీ మెకానికల్ వాళ్లు 2007లో ఒక పరిశోధన అచ్చు వేశారు. సృజనకి ఊతమిచ్చే పది సూత్రాలు పెట్టుకుని, అవి క్లాసులో ఉన్నాయా అని చెప్పేవాళ్లనీ చదివేవాళ్లనీ విడివిడిగా అడిగారు. తప్పు చేసి నేర్చుకునే వీలుందా, ఒకే ప్రశ్నకి చాలా జవాబులు వెతకనిస్తారా, తెగువకి విలువ ఉందా, ఇలాంటివి. మాస్టార్లు "మేం సృజనకి విలువిస్తాం, పిల్లల్లోనే అది కనపడట్లేదు" అన్నారు. ఇంజినీరింగ్ పిల్లలేమో "ఈ పదింట్లో దాదాపు ఏదీ మాకు అందట్లేదు" అన్నారు. ఒకే గదిలో కూర్చున్నవాళ్ల మాటలివి. ఎవరూ అబద్ధం చెప్పట్లేదు. అదే నన్ను ఈ పరిశోధనలోకి లాగింది.

ఇంకోటి 1995లోది, అమెరికాలోనే, ప్రైమరీ స్కూలు టీచర్ల మీద. సృజన ఉన్న పిల్లలంటే మాకిష్టం అని టీచర్లు చెప్పారు. కానీ వాళ్లకి నచ్చిన పిల్లల్నీ నచ్చని పిల్లల్నీ లక్షణాల వారీగా గుర్తించమంటే, సృజనకి గుర్తులుగా చెప్పే లక్షణాలు నచ్చని పిల్లల వైపే ఎక్కువ తేలాయి. మాట వినేవాడు, సర్దుకుపోయేవాడు, వాడే వాళ్ల మనసులో సృజనశీలి. మన కాలేజీల్లో "మంచి స్టూడెంట్" అంటే ఎవరో ఒకసారి తలుచుకోండి.

సివిల్_మాస్టారు
మాట వినేవాడు మంచి స్టూడెంట్ కావడంలో తప్పేముంది నాయనా?

చదివిందే_చెప్తా
తప్పు లేదు మాస్టారూ. వాడొక్కడే మంచివాడు అనుకోవడంలో ఉంది.

సర్క్యూట్_అక్క
ఎవరూ ఎత్తని సంగతి ఒకటి చెప్పాలి. నేను ఈసీఈలో (ఎలక్ట్రానిక్స్) చెబుతాను. మా డిపార్ట్‌మెంట్ మీటింగుల్లో పిల్లల గురించి మాట్లాడుకునేటప్పుడు చెవి పెట్టి వినండి. మగపిల్లాడు క్లాసుకి రాకుండా ల్యాబులో ఏదో వైర్లు కలుపుతుంటే "వాడు క్రియేటివ్ అండీ, కుదురుండదు". ఆడపిల్ల అదే పని చేసి, క్లాసుకి కూడా వచ్చి, రికార్డు కూడా రాస్తే "హార్డ్‌వర్కింగ్". ఈ రెండు మాటల మధ్య ఎంత దూరముందో రికమండేషన్ లెటర్లో తెలుస్తుంది.

పోయినేడు హ్యాకథాన్‌కి మా పిల్లలు వెళ్లారు. అయిదుగురు అబ్బాయిలు, ఒక అమ్మాయి. స్మార్ట్ ఇండియా హ్యాకథాన్ నిబంధనల్లో టీములో ఒక అమ్మాయి ఉండి తీరాలి, మేం కాలేజీలో పెట్టినదానికీ అదే పద్ధతి పాటించాం. ఆ అమ్మాయికి వాళ్లిచ్చిన పని పీపీటీ. రాత్రి రెండింటికి సెన్సార్ రీడింగు ఎగురుతోందని అందరూ కోడ్ తిరగేస్తుంటే, "గ్రౌండ్ వైరు లూజుగా ఉందేమో చూడండి" అన్నది ఆ పిల్లే. పొద్దున స్టేజీ మీద మైకు ఆమెకి రాలేదు. నేను పక్కనే ఉన్నాను కాబట్టి నాకు తెలుసు. లేకపోతే నేనూ "పీపీటీ బాగా చేసిందమ్మా" అని భుజం తట్టి వచ్చేదాన్ని.

సృజన కనపడాలంటే రాత్రి రెండింటికి అక్కడ ఉండాలి. రివ్యూ రోజు పదిన్నరకి వెళ్తే కనపడదు.

లేత్_మేడమ్
అక్కా, మీ ఆఖరి మాట కాగితం మీద రాసి టేబుల్ అద్దం కింద పెట్టుకున్నా.

అద్దె_సైకిల్
రాత్రి రెండింటికి అక్కడ ఉండాలా? నా వారం చెబుతా వినండి. 20 గంటల క్లాసులు. ఎన్‌బీఏ (కోర్సులకి గుర్తింపు ఇచ్చే సంస్థ) ఫైళ్లు. అటెండెన్స్ తక్కువైనవాళ్ల ఇళ్లకి ఫోన్లు. ఏప్రిల్ వస్తే ఊరూరా తిరిగి అడ్మిషన్లు పట్టుకురావాలి, తలకి ఇన్ని సీట్లని లెక్క. జీతం రెండు నెలలకోసారి, అదీ వస్తే. నాకింద ప్రాజెక్టు బ్యాచ్‌లు ఆరు. ఒక్కో బ్యాచ్‌తో వారానికి పావుగంట కూర్చుంటే ఎక్కువ. ఆ పావుగంటలో వాడి తలుపు నాకెలా కనపడుతుంది?

టీచర్లకి సృజన పట్టదని రాసేముందు టీచర్ బతుకు కూడా రాయండి. పిల్లల మీద ప్రేమ లేక కాదు. తొమ్మిదో తరగతిలో రేడియో విప్పి బిగించి ఈ లైన్లోకి వచ్చినవాణ్నే నేనూ.

ఎర్రసిరా
మనసులో మాట చెప్పావు తమ్ముడూ.

ఉప్పల్_బస్
సార్, మా గైడ్ కూడా మీలాగే అలసిపోయి ఉంటారేమో. మేం ఆయనకి మాపైన ఇంట్రస్ట్ లేదనుకున్నాం. మొన్న ఒక ఐడియా చెబితే "అమీర్‌పేటలో దొరుకుతుందిగా, తెచ్చుకోండి, సేఫ్" అన్నారు, అంటే రెడీమేడ్ ప్రాజెక్టు కొనుక్కోమని. మాకు కష్టమేసింది. ఇప్పుడు ఆయన వైపు నుంచీ కాస్త అర్థమవుతోంది. కానీ మా ఐడియా మాత్రం పోయింది కదా.

అద్దె_సైకిల్
ఏంటి ఐడియా?

ఉప్పల్_బస్
సిటీ బస్సులో నిలబడినవాళ్లకి తెలియదు ఏ స్టాప్ వచ్చిందో, జనంలో కిటికీ కనపడదు. పైన పట్టుకునే రాడ్‌కే చిన్న వైబ్రేటర్లు పెడితే స్టాప్‌ని బట్టి చేతికి తెలుస్తుందని. చూపు లేనివాళ్లకి కూడా పనికొస్తుందని. రోజూ గంటన్నర నిలబడే వస్తాను, అక్కడే పుట్టింది.

అద్దె_సైకిల్
బస్సు ఇంజన్‌ వణుకులో నీ వైబ్రేటర్ వణుకు చేతికి తెలియాలి కదా. ముందు అది తేల్చు. ఫోన్లో యాక్సిలరోమీటర్ (వణుకు కొలిచే) యాప్ వేసుకుని రాడ్‌కి ఆనించి వారం రోజులు రీడింగు తియ్యి. ఇంజన్ ఏ ఫ్రీక్వెన్సీలో ఊగుతుందో తెలిస్తే దానికి దూరంగా పెట్టుకోవచ్చు. లేదా ఆగి ఆగి కొట్టేలా పెట్టు, చెయ్యి పసిగడుతుంది. రీడింగులు ఇక్కడే పెట్టు, చూస్తా.

ఉప్పల్_బస్
సార్!! రేపట్నుంచే మొదలుపెడతా.

సర్క్యూట్_అక్క
పావుగంట కూడా పట్టలేదు చూశారా :)

చదివిందే_చెప్తా
ఎన్‌బీఏ ఫైళ్ల మాట వచ్చింది కాబట్టి. భారత్ 2014లో వాషింగ్టన్ అకార్డ్‌లో (ఇంజినీరింగ్ డిగ్రీలని దేశాలు పరస్పరం గుర్తించే ఒప్పందం) పూర్తి సభ్యత్వం తెచ్చుకుంది. అప్పటి నుంచి మన దగ్గర కోర్సు అవుట్‌కమ్‌లు (ఒక సబ్జెక్టు అయ్యాక పిల్లలకి ఏం రావాలో), ప్రోగ్రామ్ అవుట్‌కమ్‌లు (డిగ్రీ అయ్యాక ఏం రావాలో), ఈ రెండూ ఎంత కలుస్తున్నాయో 1, 2, 3 అని మ్యాపింగులు ఊపందుకున్నాయి. ఉద్దేశం మంచిది, డిజైన్ చేయగలగడం అనేది కూడా అందులో ఒక అవుట్‌కమ్. ప్రశ్నపత్రంలో ప్రతి ప్రశ్నకీ బ్లూమ్ లెవెల్ (ప్రశ్న ఎంత పై స్థాయి ఆలోచన అడుగుతోందో చెప్పే మెట్టు, ఎల్1 నుంచి ఎల్6 దాకా) రాయాలి. 1956లో బ్లూమ్ వేసిన మెట్లలో మూల్యాంకనం పైన ఉండేది. 2001లో మార్చినప్పుడు 'సృష్టించడం' పైమెట్టు అయింది. అంటే కాగితం మీద సృజన మనకి నెత్తిమీద ఉంది.

లేత్_మేడమ్
కాగితం మీద ఉన్నది ఎలా ఉంటుందో నేను చెబుతా. "50 కిలోన్యూటన్ల బరువుకి కాటర్ జాయింట్ డిజైన్ చేయుము". రెండు కడ్డీల్ని కాటర్ అనే చీలలాంటి ముక్కతో బిగించే అతుకు అది. డిజైన్ అనే మాట ఉంది కాబట్టి ఎల్6 వేసేస్తాం. క్లాసులో చేసిన లెక్కే, బరువు మారుతుంది. డేటా బుక్కు తీసి, వరసగా స్ట్రెస్‌లు చూసుకుంటూ పోతే అరవై మందికీ ఒకే కొలత వస్తుంది. రాకపోతే తప్పు. అరవై మందికీ ఒకటే జవాబు వచ్చేదాన్ని నా చేత్తో 'సృష్టించడం' అని రాసి ఫైల్లో పెట్టాను. కమిటీ వచ్చినప్పుడు ఆ ఫైలే చూపించాను.

సివిల్_మాస్టారు
అరవై మందికీ ఒకటే జవాబు రావడం కూడా అవసరమేనమ్మా. కాటర్ తెగకూడదు కదా. నా ఉద్దేశం, అది ఎల్3 (తెలిసినదాన్ని వాడటం) అని నిజాయతీగా రాసుకోవాలి, అంతే. ఆ లెక్క వచ్చాక "కాటర్ లేకుండా ఈ రెండు కడ్డీల్నీ ఇంకెలా కలుపుతావు?" అని అడగాలి. అప్పుడు వాడి పని మొదలవుతుంది.

తక్కువ ఖర్చు ఇళ్ల ఆర్కిటెక్ట్ లారీ బేకర్‌ని తలుచుకోండి. ఇటుకని పడుకోబెట్టకుండా నిలబెట్టి, గోడ మధ్యలో ఖాళీ వదిలే ర్యాట్ ట్రాప్ బాండ్‌ని ఆయన కేరళలో విస్తారంగా వాడాడు. నాలుగో వంతు ఇటుకలు మిగులుతాయి, గోడ చల్లగా ఉంటుంది. ఇటుక గుణం, బరువు ఎలా దిగుతుందో తెలిసినవాడు కాబట్టి చేయగలిగాడు. నేను పునాది పునాది అని గోల పెట్టేది ఇందుకే. మీ కుర్రాడికీ పునాది ఉంది. గాలి పైకి పోయేకొద్దీ తేమ పడుతుందని వాడికి తెలుసు. దాన్ని వాడి నోటితో చెప్పించడం మన పని. అది ప్యానెల్ చేయలేదు. ఈ మాట మొదటి పోస్టులోనే అనాల్సింది, తొందరపడ్డాను.

మిషిగన్_మావయ్య
మాస్టారూ, మీరిలా అనడం చాలా సంతోషం. నేనిక్కడ ఒక యూనివర్సిటీ మెకానికల్ ల్యాబులో ఇన్‌స్ట్రక్టర్‌ని. మా డిజైన్ కోర్సులో మార్కుల్లో పెద్ద వాటా నోటుపుస్తకానికి. ప్రతి పేజీకీ తేదీ, పెన్నుతోనే రాయాలి, కొట్టేసింది కనపడాలి. "మంగళవారం ఇలా అనుకున్నా, విరిగింది, ఎందుకంటే..." పిల్లల తలకాయలో ఏం జరిగిందో నాకు దొరికే చోటు అదొక్కటే. మెషిన్ పనిచేయకపోయినా పుస్తకం బాగుంటే మంచి గ్రేడే వస్తుంది.

ఎంఐటీలో వుడీ ఫ్లవర్స్ 1970లలో ఒక డిజైన్ కోర్సుకి పేరు తెచ్చాడు. పిల్లలందరికీ ఒకే డబ్బా సామాను, ఒకే పని, మెషిన్ కట్టి పోటీ పడాలి. సామాను ఒకటే కావడంతో, ఎవడు ఏం ఆలోచించాడన్నదే తేడాగా కనపడుతుంది. కొనుక్కొచ్చే పనే లేదు.

అలా అని ఇక్కడంతా గొప్పగా ఉందనుకోవద్దు. 200 మంది క్లాసుల్లో ఇక్కడా అదే బాక్సు కట్టిన జవాబే.

పోచంపల్లి_పోగు
మాది మగ్గాల ఇల్లు. మా జిల్లా మల్లేశం గారు ఆసు మిషన్ (నేతకి ముందు పోగుని మేకుల చుట్టూ తిప్పే యంత్రం) చేశారని అందరికీ తెలుసు. ఒక చీరకి చెయ్యి తొమ్మిది వేల సార్లు అటూ ఇటూ తిప్పాలి, ఆయన వాళ్లమ్మ భుజం నొప్పి చూడలేక చేశారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆరో తరగతితో బడి మానేసినాయన. మా కాలేజీలో ప్రతి ఇన్నోవేషన్ డే నాడు ఆయన ఫొటో పెడతారు. మరి అదే కాలేజీలో నేను మా నాన్న మగ్గం పెడల్ గురించి ప్రాజెక్ట్ చేస్తానంటే "అది పాత టెక్నాలజీ, ఏఐ ఏదైనా చూసుకో" అన్నారు.

అద్దె_సైకిల్
మల్లేశం గారి పేరు చెప్పి టీచర్లని కొట్టడం కూడా న్యాయం కాదు. ఆయనకి ఏళ్లు పట్టింది, ఎన్ని సార్లు విఫలమయ్యారో. ప్రాజెక్టుకి మనం ఇచ్చేది ఒక్క సెమిస్టరు.

పోచంపల్లి_పోగు
కొట్టట్లేదు సార్. ఆయన ఎన్నిసార్లు విఫలమయ్యారో ఆ ఫొటో కింద కూడా రాయాలంటున్నా. ఒక్క సెమిస్టర్లో అవుట్‌పుట్ రాకపోతే 27 వేసేవాళ్లకి అది కనపడాలి.

బ్యాక్‌బెంచ్_నుంచి
ఇది ఈ థ్రెడ్‌లో నాకు అన్నిటికంటే నచ్చిన పోస్టు.

ఎర్రసిరా
లేత్_మేడమ్ గారూ, మార్కులు సబ్మిట్ అయిపోయాయా? పోర్టల్ మూసేసే లోపు ప్యానెల్ ఒప్పుకుంటే మార్చవచ్చు. నేను ఒకసారి మార్పించాను. హెచ్‌ఓడీకి లెటర్ పెట్టాలి, కారణం రాసి, ప్యానెల్లో ముగ్గురూ సంతకం చేయాలి.

లేత్_మేడమ్
రెండు రోజులు కనపడలేదు, ఆ పని మీదే ఉన్నాను. జరిగింది జరిగినట్టు చెబుతా.

మొదట కుర్రాడి దగ్గరికి వెళ్లి నోటుబుక్కు అడిగాను. ఉందా అనుకున్నా. ఉంది. డెబ్భై పేజీల రూళ్ల పుస్తకం, అట్ట మీద మిరపగింజ అంటుకుని ఉంది. మాస్టారు అడిగిన అంకెలు ఇవిగో. ట్రేకి 2 కిలోల పచ్చి పండుకాయ. తలుపు లేనప్పుడు ఆరు గంటలకి కింద ట్రే 1.1 కిలోలు, పై ట్రే 1.6. తలుపు పెట్టి గంటకోసారి మార్చినప్పుడు కింద 1.3, పైన 1.4. పేజీ అంచున "అమ్మ తిరగేసినట్టే అయింది" అని రాసుకున్నాడు.

ప్యానెల్లో మిగతా ఇద్దరికీ ఈ పేజీ చూపించాను. ఒక సార్ వెంటనే ఒప్పుకున్నారు. ఇంకో సార్ "రేపు అందరూ ఇలాగే వస్తారు" అన్నారు. రానివ్వండి సార్, వచ్చినవాళ్ల పుస్తకం కూడా చూద్దాం అన్నాను. గంటసేపు మాట్లాడుకున్నాం. 27 కాస్తా 39 అయింది. డస్ట్‌బిన్ వాళ్లని కూడా పిలిచాం. మూత ఎన్ని సెంటీమీటర్ల దూరంలో చేతిని గుర్తుపడుతుంది, ఎందుకంతే అని అడిగితే ముగ్గురు నేల చూశారు. నాలుగోవాడు మాత్రం సెన్సార్ కోణం గురించి చక్కగా చెప్పాడు. సామాను కొన్నదే అయినా వాడు లోపల విప్పి చూశాడు. వాడి మార్కు ఉంచి మిగతావాళ్లకి మూడో రివ్యూ వరకు టైమిచ్చాం. వాడి పేరు కూడా నాకు అప్పటివరకు తెలియదు.

హెచ్‌ఓడీ గారు మూడో రివ్యూ ఫారంలో ఒక వరస చేర్చడానికి ఒప్పుకున్నారు: "మొదట అనుకున్నదాంట్లో ఏం మార్చారు, ఎందుకు?" దానికి 10 మార్కులు. పుస్తకం చూపించాలి.

సర్క్యూట్_అక్క
ఆ ఫారం నాకు పంపండి మేడమ్. మా దగ్గర ఇంకో వరస కలుపుతా, "ఎవరు మార్చారు" అని.

సివిల్_మాస్టారు
అంకెలు చూశాను. కలిపి చూడండి. తలుపు లేనప్పుడు రెండు ట్రేలూ కలిపి 2.7 కిలోలు. తలుపు ఉన్నప్పుడూ 2.7. అంటే ఆ రెండు ట్రేల్లోంచి పోయిన నీరు రెండుసార్లూ 1.3 కిలోలే. కుర్రాడి తలుపు ఎండబెట్టే వేగం పెంచలేదు, సమం చేసింది. ఇది వాడికి తెలుసా? తెలియకపోతే చెప్పకండి, అడగండి. "కాయ తొందరగా ఆరిందా, సమంగా ఆరిందా?" అని అడిగి వదిలేయండి. వాడే కనుక్కోవాలి.

రైతుకి సమంగా ఆరడమే కావాలి. పైన మెత్తగా ఉన్న కాయ బస్తాలో పడితే బూజు పట్టేది అదే.

ఇంకో సంగతి. ఆ రెండు రోజులూ ఎండ ఒకటేనా? రెండో పెట్టె చేసి పక్కపక్కన పెట్టి, ఒకదానికి తలుపు, ఒకదానికి లేకుండా, ఒకే రోజు ఆరబెట్టాలి. మధ్య ట్రేలూ తూయాలి. అప్పుడే ఈ అంకె నిలబడుతుంది.

లేత్_మేడమ్
అడిగాను మాస్టారూ. ఒక నిమిషం ఏమీ మాట్లాడలేదు. పుస్తకం తీసి కూడికలు వేసుకున్నాడు. "మేడమ్, నేను తప్పు రాసుకున్నా, తొందరగా ఆరిందని రాసుకున్నా" అన్నాడు. మొహం ముడుచుకుంటాడేమో అనుకున్నా. కాదు, కళ్లు వెలిగాయి. "అయితే వేగం పెంచాలంటే రేకు పెంచాలి, తలుపు కాదు" అన్నాడు. రెండో పెట్టెకి ప్లైవుడ్ కోసం సాయంత్రమే వెళ్లారు నలుగురూ.

ఆర్మూరు_పసుపు
చదువుకున్నోళ్ల ముచ్చట్ల నడుమ వస్తున్నా, ఏమనుకోకుండ్రి. మాది పసుపు. ఉడకబెట్టినంక కళ్లంల ఆరబోస్తం, రెండు వారాలు పడతది, నడుమ వాన పడితే గోస. గా తలుపు పెట్టె బొమ్మ ఉంటే పెట్టుండ్రి మేడం. మా తమ్ముడు పాలిటెక్నిక్ చదువుతున్నడు, ఆనితోని చేపిస్తా. కొమ్ము బరువుంటది, దోమల మెష్ ఆగుతదా?

లేత్_మేడమ్
మెష్ ఆగదన్నా, పసుపుకి కోడిపంజరం జాలీ వేసి దాని మీద మెష్ పరవాలి అంటున్నాడు కుర్రాడు. మీ ప్రశ్న వాడికి చదివి వినిపించా. బొమ్మ ఈ రాత్రి తానే గీసి ఇస్తానన్నాడు, కొలతలతో. రేపు పెడతా.

ఆర్మూరు_పసుపు
పిల్లగానికి చెప్పుండ్రి, మా తమ్ముడు ఫోన్ చేస్తడని.

సివిల్_మాస్టారు
విజయవాడ నుంచి గుంటూరు ఎంతసేపు. రెండో పెట్టె తయారయ్యే రోజు చెప్పండమ్మా, పొద్దున్నే వస్తాను. తూకం మిషన్ నేను తెస్తాను, గ్రాము కూడా చూపిస్తుంది.